ఆరు సీసాల బిళ్ళలు ఒకే డబ్బాలో

సంతకం కింద తేదీ వేయాలని నాకు నలభై ఒకటో ఏట తెలిసింది. అప్పటికి ఇరవై ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. మొదట ఉదయగిరిలో, తర్వాత ఆత్మకూరులో ఒక ఎముకల డాక్టరు గారి ఆసుపత్రిలో. ఇంజక్షన్లు వేశాను, కట్లు కట్టాను, విరిగిన చేతులు అతికించేటప్పుడు కదలకుండా పట్టుకున్నాను. సంతకాలు వేలల్లో పెట్టి ఉంటాను. తేదీ లేని సంతకానికి విలువ లేదని, ఆ లెక్కన నేను ఇరవై ఏళ్లూ ఏ పనీ చేయనట్టేనని నెల్లూరులో ఒక హోటల్ హాల్లో చెప్పారు. చల్లటి గది, మంచి భోజనం. అందుకని పెద్దగా బాధపడలేదు.

మా ఆసుపత్రికి ఒక మందు ట్రయల్ వచ్చింది. మోకాళ్ల నొప్పికి కొత్త బిళ్ళ. మా పడమటి మండలాల్లో మోకాళ్ల నొప్పి లేని పెద్దవాళ్లు అరుదు. బోరు నీళ్లో, మెట్ట చేలల్లో వంగి చేసిన పనో, ఏదైతేనేం, కంపెనీకి కావలసిన సరుకు మా దగ్గర పుష్కలంగా ఉంది. డాక్టరు గారు నన్ను పిలిచి, "నువ్వు ఓపిగ్గా రాస్తావు. ఈ పని నువ్వే చూసుకో" అన్నారు. అలా నేను కోఆర్డినేటర్‌ని అయ్యాను. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు గాని, మెడలో వేసుకునే కార్డు మీద బాగానే కనపడేది.

నెల్లూరు శిక్షణలో చెప్పింది ఇది. వచ్చిన వాళ్లలో సగం మందికి అసలు బిళ్ళ ఇస్తారు. మిగతా సగానికి చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్త బిళ్ళ, అందులో మందు ఉండదు. ఎవరికి ఏది వెళ్తోందో రోగికి తెలియకూడదు, నాకూ డాక్టరు గారికీ కూడా తెలియకూడదు. మంచి బిళ్ళ మింగుతున్నామని తెలిస్తే ఆ నమ్మకానికే సగం నొప్పి తగ్గిపోతుందట. చివరికి దూరాన ఎక్కడో ఒక కంప్యూటరు రెండు గుంపుల్నీ పోల్చి మందు పనిచేసిందో లేదో తేలుస్తుంది. ఇదంతా నిలబడేది మేము రాసిన కాగితాల మీద. "రాయనిది జరగనట్టే" అని ఆ శిక్షకుడు రెండు రోజుల్లో పదిసార్లు అన్నాడు. రాసిందల్లా జరిగినట్టేనా అని నేను అడగలేదు. అడగాలని తోచలేదు కూడా.

ఆత్మకూరుకు వచ్చి పని మొదలుపెట్టాను. నొప్పితో వచ్చిన వాళ్లలో వయసు, ఎక్స్‌రే సరిపోయిన వాళ్లను కూర్చోబెట్టి అంగీకార పత్రం చదివి వినిపించాలి. పద్దెనిమిది పేజీలు. అది తెలుగే గాని మా ఊళ్లలో ఎవరూ మాట్లాడే తెలుగు కాదు. "మీరు యాదృచ్ఛికముగా నిష్క్రియ ఔషధ సమూహమునకు కేటాయింపబడు సంభావ్యత కలదు" అని నేను చదువుతుంటే, దుత్తలూరు నుంచి వచ్చిన ఒక అవ్వ నా నోటి వంక చూస్తూ కూర్చుంది. డెబ్బై దగ్గర పడిన మనిషి, ఇప్పటికీ గొర్రెల వెంట తిరుగుతుంది.

"పాపా, ఇది ఏ దేశం మాట?" అంది.

"తెలుగే అవ్వా."

"నిజంగానా? సరే, నువ్వు చదవతా ఉండావు గాబట్టి మంచిదే అయ్యుంటాది. ఏలు ఎక్కడ ఎయ్యమంటావు?"

వేలిముద్ర వేసేవాళ్లకు పక్కన సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి. మా ఆసుపత్రి కింద మెడికల్ షాపు నడిపే ఆయన సాక్షి. మొదట్లో పైకి వచ్చి కూర్చునేవాడు. తర్వాత తర్వాత కాగితాలే కిందికి వెళ్లి సంతకాలతో పైకి వచ్చేవి.

అదే వారం ఉదయగిరి నుంచి ఆరుగురు ఆడవాళ్లు కలిసి వచ్చారు. అందరూ ఒకే చర్చి వాళ్లు. వాళ్లను తీసుకొచ్చింది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఊరంతా ఆమెను టీచరమ్మ అంటారు, నేనూ అలాగే అనేదాన్ని. ఆమె మోకాళ్లు కూడా అరిగిపోయాయి కాబట్టి ఆరుగురిలో ఆమే మొదటిది. అంగీకార పత్రం నా చేతిలోంచి తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, ఆదివారం వాక్యం చదివినట్టు పద్దెనిమిది పేజీలూ గట్టిగా చదివింది. మధ్య మధ్య ఆగి తక్కినవాళ్లకు అర్థం చెప్పింది. చివర్లో "అంటే మనకి ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చంట. అర్థమైందా?" అంది. అందరూ తలలూపారు. నాకు ఎంత తేలికైందో చెప్పలేను. ఇలాంటి మనిషి ఊరికొకరుంటే నా ఉద్యోగం పండగే అనుకున్నాను.

ఒక్కొక్కరికి అరవై బిళ్ళల సీసా, ఒక డైరీ. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. నాలుగు వారాల తర్వాత వచ్చినప్పుడు సీసాలో నాలుగు మిగలాలి. డైరీలో రోజూ నొప్పి ఎంత ఉందో సున్నా నుంచి పది లోపల ఒక అంకె వేయాలి, వేరే మందులు ఏమైనా మింగితే ఆ గడిలో రాయాలి. అవ్వకు ఈ అంకెల సంగతి చెప్పడానికి నాకు అరగంట పట్టింది.

"నొప్పికి నంబరేంది పాపా?" అంది. "ఊరికే కూసోని ఉంటే నొప్పి లేదు. గొర్రెల ఎంటబడి పోతే ఉండాది. పండుకుంటే ఇంకో రకంగా ఉండాది. దేనికి నంబరెయ్యాల?"

"మొత్తం రోజుకి కలిపి ఒకటి చెప్పవ్వా."

"నీకెంత కావాల్నో చెప్పు. అంతే ఏసుకో."

"అట్ల కాదవ్వా, నువ్వే చెప్పాల."

ఆమె కాసేపు ఆలోచించి, "ఆరు" అంది. ఎందుకు ఆరు అని అడిగితే, అక్కడున్న వాళ్లను లెక్కపెట్టినట్టు టీచరమ్మ గుంపు వైపు చెయ్యి చూపింది. నేను ఆరు రాసుకున్నాను.

నాలుగు వారాలు గడిచాయి. ఉదయగిరి ఆరుగురూ చెప్పిన రోజుకు, చెప్పిన గంటకు వచ్చారు. ఆరు సీసాల్లోనూ సరిగ్గా నాలుగేసి బిళ్ళలు. డైరీలు చూస్తే కళ్లకు ఇంపుగా ఉన్నాయి. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు, ఒక్క గడి ఖాళీ లేదు. అంకెలు ఏడు నుంచి ఆరుకు, ఆరు నుంచి అయిదుకు మెట్లు దిగినట్టు దిగాయి. వేరే మందులు అన్న గడిలో ఆరుగురికీ రోజూ "లేవు". చేతిరాత ఆరు డైరీల్లోనూ ఒకటే. చదువు రాని వాళ్ల తరఫున టీచరమ్మ రాసింది కదా అని సరిపెట్టుకున్నాను.

అవ్వ మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. సీసాలో ఇరవై మూడు బిళ్ళలు మిగిలాయి. "నొప్పి లేని రోజు ఎందుకు మింగాల?" అంది. ఆమె డైరీ కోడలు కొంత, పక్కింటి వాళ్లు కొంత రాశారు. మూడు రంగుల సిరా, పాల మరకలు. గళ్ల బయట "ఈ పొద్దు కొండాపురం సంతకి పొయినాము, బిళ్ళ మరిచినాము" అని ఒకచోట ఉంది. ఒక రోజు గడిలో పద్నాలుగు అని ఉంది.

"అవ్వా, పది దాటకూడదు."

"ఆ దినం దాటింది పాపా. రెండు గొర్రెలు తప్పిపోతే కొండ దాకా నడిచినాను."

నేను విసుక్కున్నాను. నా ఫైళ్లన్నిటిలో ఆమె ఫైలే మురికిగా కనపడేది.

రెండో నెల ఉదయగిరి వాళ్లు వచ్చినప్పుడు, ఓపీలో జనం పలచబడ్డాక, టీచరమ్మ నా పక్కన కూర్చుని టీ తాగుతూ చాలా సంతోషంగా ఒక సంగతి చెప్పింది.

"మొదటి వారంలోనే మాకు తెలిసిపోయింది నర్సమ్మా. ముగ్గురికి నొప్పి తగ్గతా ఉండాది, ముగ్గురికి ఏం లేదు. ఆదివారం చర్చి అయినాక కూసోని అందరి సీసాలూ తెరిచి చూసినాము. చూస్తే ఒకటే మాదిరి ఉండాయి. ఒకామె కొరికి చూసింది. ఒక సీసావి చేదు, ఇంకో సీసావి చప్ప."

ఆ బిళ్ళల రంగు, ఆకారం, బరువు ఒకేలా ఉండటానికి కంపెనీ ఎంత కష్టపడిందో శిక్షణలో బొమ్మలు వేసి చూపించారు. మా వాళ్లు కొరికి చూస్తారని అక్కడ ఎవరికీ తోచినట్టు లేదు.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత ఏముండాది? ముగ్గురు బాగుపడి ముగ్గురు ఏడిస్తే అది న్యాయమా? ఆరు సీసాలూ ఒక స్టీలు డబ్బాలో పోసి కలిపేసినాను. ఆదివారం ఆదివారం అందరికీ సమానంగా లెక్కబెట్టి ఇస్తా ఉండాను. నీ కాడికి వచ్చే ముందర సీసాకి నాలుగు ఏసి తెస్తా ఉండాము. నువ్వు నాలుగే ఉండాలంటివి కదా."

"డైరీలు?"

"అవి కూడా ఆదివారమే. వారానికి సరిపడా ఒకేసారి నేనే రాసేస్తాను. ఇన్‌స్పెక్షన్‌కి రిజిస్టరు ఎట్లుండాల్నో నాకు తెలవదా?"

అంత మంచి మనసుతో చెప్పిన మనిషిని ఏమని అనను? "సరే టీచరమ్మా" అని ఆరుగురికీ కొత్త సీసాలు ఇచ్చి పంపేశాను. ఇవ్వకూడదు. ఇచ్చాను.

ఆ సాయంత్రమే డాక్టరు గారికి చెప్పాను. మంచివాడు, రోజుకు నూరు మందిని చూసి అలసిపోయే మనిషి. కళ్లు నులుముకుంటూ విన్నాడు.

"నువ్వు కళ్లారా చూశావా?"

"లేదు సార్, ఆమే చెప్పింది."

"ఎక్కడైనా రాశావా?"

"లేదు."

"రాయనిది జరగనట్టే అని నీకు నేర్పలేదా?" అని నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "చూద్దాంలే. మానిటర్ వచ్చి వెళ్లనీ" అన్నాడు.

మానిటర్ అంటే మా కాగితాలు తనిఖీ చేయడానికి హైదరాబాదు నుంచి వచ్చే కుర్ర ఉద్యోగి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, మర్యాదస్తుడు. రెండు రోజులు మా గదిలో కూర్చుని ప్రతి కాగితం తిప్పాడు. తప్పులు చాలానే పట్టాడు. ఒకచోట నల్ల సిరా వాడాను, నీలం వాడాలి. ఒకచోట అంకె దిద్ది పక్కన పొట్టి సంతకం పెట్టలేదు. బిళ్ళలు పెట్టే బీరువాలో ఉష్ణోగ్రత ఒక ఆదివారం రాయలేదు. ఉదయగిరి డైరీలు ఆరూ చూసి మాత్రం అతని ముఖం వెలిగింది.

"మేడమ్, ఇంత నీట్ డేటా నేను చూసిన ఏ సెంటర్లోనూ లేదు. వీటిని మిగతా సెంటర్లకు నమూనాగా చూపించొచ్చు" అన్నాడు.

తర్వాత అవ్వ డైరీ తీశాడు. రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టేశాడు. "ఈవిడతో ఇబ్బంది మేడమ్. సరిగ్గా మింగడం లేదు, రాయడం లేదు, పద్నాలుగు అంటోంది. నమ్మదగ్గ పేషెంట్ కాదు. కొనసాగించడం అవసరమా, డాక్టరు గారిని ఆలోచించమనండి."

ఆ మాటకు నాకు ఎందుకో కోపం వచ్చింది. అతని మీద కాదు. నేను కూడా అవ్వను అలాగే చూశాను కదా అనిపించింది. ఆ బల్ల మీద ఉన్న డైరీలన్నిటిలో జరిగింది జరిగినట్టు చెప్పింది ఆమె ఒక్కతే.

"బాబూ, ఆ ఆరు డైరీలూ అబద్ధం" అన్నాను.

అతని పెన్ను ఆగిపోయింది. డబ్బా సంగతి, కొరికి చూసిన సంగతి, ఆదివారం రాతల సంగతి మొత్తం చెప్పాను. అతను విన్నాడు. ఆరు డైరీలూ మూసి ఒక పక్కకు జరిపాడు. చివరికి, "మేడమ్, ఇది కాగితం మీద పెట్టాలి" అన్నాడు. అతని గొంతు కూడా మారిపోయింది. అప్పటిదాకా నీలం సిరా గురించి మాట్లాడిన మనిషి అతనే అంటే నమ్మలేం.

కాగితం తీసుకున్నాను. టీచరమ్మ పేరు పక్కన నేరం రాస్తున్నట్టు అనిపించి చెయ్యి ఆడలేదు. ఆమె తప్పు రాసేముందు నా సంగతి రాయాలి కదా అనుకున్నాను. మొదట అది రాశాను. నేను చూసిన బీపీలు అన్నీ సున్నాతోనే ముగుస్తాయి. నూట ఇరవై, నూట ముప్పై. నూట ఇరవై ఆరు అని నేను ఒక్కసారి కూడా రాయలేదు. ఆరు నిమిషాల నడక పరీక్షలో మనిషి నడుస్తుండగా నన్ను వార్డులోకి పిలిస్తే వెళ్లాను, వచ్చి ఆరు నిమిషాలని రాశాను. సాక్షి సంతకాల్లో ఒకటి మెడికల్ షాపాయన కలువాయిలో పెళ్లికి వెళ్లిన రోజుది. ఇవేవీ మానిటర్‌కి దొరకలేదు. దొరకవు కూడా, కాగితం మీద అంత శుభ్రంగా ఉన్నాయి. ఆ తర్వాత డబ్బా సంగతి రాశాను, మొత్తం మూడు పేజీలైంది. డాక్టరు గారు చదివి, కింద సంతకం పెట్టారు. "నేను కూడా ఈ డైరీలు చూడకుండానే సంతకాలు పెట్టాను. అది కూడా ఒక వాక్యం రాయి" అన్నారు.

కంపెనీ నుంచి జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. నేను ఉద్యోగం పోతుందనుకుని ఎదురుచూశాను. వచ్చిన ఉత్తరంలో మొదటి ప్రశ్న: సదరు స్టీలు డబ్బాను ఏ ఉష్ణోగ్రత దగ్గర ఉంచారు? రెండో ప్రశ్న అవ్వ గురించి: పద్నాలుగు అన్నది ఒకటా, నాలుగా? నేను దుత్తలూరుకు ఫోను చేశాను.

"అవ్వా, ఆ దినం నొప్పి ఒకటా నాలుగా చెప్పమంటా ఉండారు."

"పద్నాలుగు పాపా. నడిచింది నేను కదా."

పది దాటిన అంకె కంప్యూటరు తీసుకోదట. చివరికి ఆ రోజు గడిని ఖాళీగా వదిలేశారు. ఆమె అన్నిటికంటే ఎక్కువ బాధపడిన రోజు లెక్కలో నొప్పే లేకుండా పోయింది.

ఇక ఆరుగురికీ బిళ్ళలు ఆపమని, డబ్బాలో మిగిలినవి వెనక్కి తెమ్మని చెప్పారు. ఆ మాట చెప్పడానికి నేనే ఉదయగిరి వెళ్లాను. టీచరమ్మ వరండాలో కుర్చీ వేసింది. నేను చెప్పింది అంతా నిటారుగా కూర్చుని వింది.

"అంటే నేను దొంగ రాతలు రాసినానంటావు" అంది.

"మీ తప్పు కాదు టీచరమ్మా. ఎందుకు కలపకూడదో నేను మీకు అర్థమయ్యేటట్టు చెప్పలేదు. ఆ కాగితంలో ఉండాది గాని, అది మనుషులు మాట్లాడే మాట కాదు."

"ముప్పై నాలుగేళ్లు రిజిస్టర్లు రాసినాను. గొర్రెలు మేపుకునే పిల్లకాయలు బడికి రాకపోయినా హాజరేసి, మధ్యాహ్నం అన్నం వాళ్ల ఇంటికి పంపినాను. ఎవరూ తప్పనలేదు. నీకు మేలు చేద్దామని రాస్తే, నా పేరు కంపెనీకి రాసినావు." ఆమె కళ్లు నిండాయి గాని గొంతు తగ్గలేదు. "పొయ్యిరా నర్సమ్మా."

డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తిరుగు బస్సులో ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, గతుకు వచ్చినప్పుడల్లా లోపల బిళ్ళలు గలగలలాడాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది ఎవరిదో చెప్పగలిగిన వాళ్లు ఈ లోకంలో ఇక ఎవరూ లేరు.

పది రోజులు పోయాక ఒక పొద్దున, ఓపీ ఇంకా తెరవకముందే, టీచరమ్మ ఒంటరిగా వచ్చింది. నా ముఖం వైపు చూడకుండా ఒక పొడుగాటి నోటుబుక్కు బల్ల మీద పెట్టింది.

"ఇంటింటికీ పొయ్యినాను. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసినాను. ఒక్క మాట నేను దిద్దలేదు. ఇప్పుడు చదువు."

చదివాను. అదే గుండ్రటి రాత, కాని ఆరుగురు ఆరు రకాల మనుషులు. ఒకామెకు అసలు నొప్పి మోకాలిది కాదు, నడుముది. చెబితే వెనక్కి పంపించేస్తారేమోనని చెప్పలేదు. ఇంకొకామె ఒక నెలంతా ఒక్క బిళ్ళ కూడా మింగలేదు. టీచరమ్మ నొచ్చుకుంటుందని తీసుకుని, దిండు గలేబులో దాచింది. నాకు నవ్వొచ్చింది. టీచరమ్మ నవ్వలేదు. "తర్వాత పేజీ చూడు" అంది.

ఆ పేజీలో అయిదో ఆమె మాటలు ఉన్నాయి. "మీరిచ్చిన బిళ్ళతో పాటు షాపులో నొప్పి బిళ్ళ కూడా మొదటి నుంచి ఏసుకుంటా ఉండాను. మీరు ఆపినాక రోజుకి నాలుగు ఏసుకుంటా ఉండాను. వారం నుంచి దొడ్డికి నల్లగా పోతా ఉండాది. లేస్తే కళ్లు బైర్లు కమ్మతా ఉండాయి. ఎవరికీ చెప్పలేదు."

నోటుబుక్కు పట్టుకుని డాక్టరు గారి గదిలోకి పరుగెత్తాను. ఆయన ఆ నాలుగు లైన్లూ చదివి లేచి నిలబడ్డాడు. "కడుపులో రక్తం పోతోంది. వెంటనే రప్పించు" అన్నాడు. టీచరమ్మే ఫోను చేసింది. మధ్యాహ్నానికల్లా కారులో తీసుకొచ్చారు. మనిషి కాగితంలా పాలిపోయి ఉంది. సెలైన్ పెట్టి నేనే పక్కన కూర్చుని నెల్లూరు తీసుకెళ్లాను. అక్కడ గొట్టం వేసి చూసి కడుపులో పుండు పడిందన్నారు. మూడు సీసాల రక్తం ఎక్కించారు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని అక్కడి డాక్టరు అన్నాడు. అప్పటికీ ఆమె నా చెయ్యి పట్టుకుని, "టీచరమ్మకి కోపమొచ్చిందా? వేరే మందులు లేవని రాయించినాను" అని అడుగుతూనే ఉంది.

ఆత్మకూరుకు తిరిగొచ్చాక ఇంకో ఫారం నింపాం. ట్రయల్‌లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే మాకు తెలిసిన ఇరవై నాలుగు గంటల్లోపే కంపెనీకి తెలపాలి. ఇది మందు వల్ల జరిగిందా అని అందులో ఒక ప్రశ్న ఉంది. ఆమె మింగింది అసలు బిళ్ళా, ఉత్త బిళ్ళా, షాపు బిళ్ళా, ఏది ఎన్ని? డాక్టరు గారు పెన్ను పట్టుకుని ఆ గళ్ల మీద చాలాసేపు ఆడించారు. ఉదయగిరి డైరీ తెరిచి చూస్తే ఆ వారాలన్నిటికీ "వేరే మందులు: లేవు" అని చక్కగా ఉంది, కింద ఆయన సంతకం ఉంది. "నిర్ణయించలేము" అన్న గడిలో టిక్కు పెట్టి, అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆ రోజు ఇక ఓపీ చూడలేదు.

నా ఉద్యోగం పోలేదు. తప్పు ఒప్పుకున్నందుకు నన్ను మళ్లీ నెల్లూరు హోటల్‌కి రెండు రోజుల శిక్షణకు పంపి, ఇంకో సర్టిఫికెట్టు ఇచ్చారు. మా సెంటర్లో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేశారు. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ముగించుకుని వెళ్లిపోయారు. ఆరుగురి సంగతి ఏమైందని తర్వాత ఒకసారి మానిటర్‌ని ఫోనులో అడిగాను. వాళ్లను ఒక లెక్కలోంచి తీసేశారట గాని, ఇంకో పెద్ద లెక్కలో ఉంచారట. ఆ లెక్కలో ఎవరికి ఏ సీసా ఇచ్చామో అదే చూస్తారు, ఎవరు ఏది మింగారో చూడరు. "అది రూలు మేడమ్. మనుషులు మధ్యలో ఎన్ని చేసినా మొదట పంచిన దాన్నే లెక్క పెట్టాలి, లేకపోతే ఇంకా పెద్ద తప్పులొస్తాయి" అన్నాడు. అతను ఓపిగ్గా చెప్పాడు, నేను ఓపిగ్గా విన్నాను. అందులో న్యాయం ఉందనే అనిపించింది. కాని దిండు గలేబులో దాచుకున్నామె కూడా ఎక్కడో ఒక పట్టికలో నెలంతా మందు మింగిన మనిషిగా నిలబడి ఉందని తలుచుకుంటే ఇప్పటికీ అదోలా ఉంటుంది. మందు ఫలితం ఏమిటో మాకు ఎవరూ చెప్పలేదు.

రెండు నెలలు పోయాక ఒక ఆదివారం మధ్యాహ్నం టీచరమ్మ ఫోను చేసి రమ్మంది. "కోపం పోయిందా?" అని అడిగితే, "పోలేదు. అన్నం తినిపోదువు గాని, రా" అంది. తిన్నాక ఇద్దరం కలిసి ఆ అయిదో ఆమె ఇంటికి వెళ్లాం. ముఖం తేరుకుంది. మా ఇద్దరినీ చూసి గబగబా లేచి మంచం మీద దుప్పటి పరిచింది.

"నర్సమ్మా, ఆ డబ్బా బిళ్ళలు మళ్ళా ఎప్పుడిస్తారు?" అని అడిగింది.

"ఇంక ఇవ్వరు పెద్దమ్మా. అవి అయిపోయినాయి."

"అయ్యో. మా బాగా పనిచేసినాయే." తర్వాత కాళ్లు చాపి, మోకాళ్ల మీద చేతులు రాసుకుంటూ, "పోనీలే. నెల్లూరులో రక్తం ఎక్కించినప్పటి నుంచి నొప్పులు ఉండీ లేనట్టుండాయి. ఆ రక్తమేదో మంచిదే ఎక్కించినారు" అంది.

టీచరమ్మ నా వైపు చూసింది. నేను పెద్దమ్మ చెయ్యి తీసుకుని నాడి చూశాను. బాగానే కొట్టుకుంటోంది.